బండికి కొత్త టైరు: ఎన్ని వేల కిలోమీటర్లన్నది కాదు, తడి రోడ్డు మీద ఆగుతుందా అన్నది ముఖ్యం

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా 1,500 రూపాయలు ఉండే బైకు టైరు అంతకుముందు 1,920 అయ్యేది, ఇప్పుడు 1,770 అవుతుంది. తేడా నూటయాభై రూపాయలే. అయినా ఎప్పుడో మార్చాల్సిన టైరును ‘ఇంకో ఆర్నెల్లు పోనీ’ అని లాగిస్తున్నవాళ్లకు వాయిదా వేయడానికి ఒక కారణం తగ్గింది.

షాపుకు వెళ్లాక అసలు గందరగోళం మొదలవుతుంది. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఏ టైర్ల షాపులో అడిగినా ఒకే సైజులో నాలుగైదు కంపెనీలు, ఒక్కో కంపెనీలో మళ్లీ రెండు మూడు డిజైన్లు చూపిస్తారు. దోస్తు ‘ఒక సైజు పెద్దది వేయించు, బండి లుక్కు మారిపోతది’ అంటాడు. మెకానిక్ ‘ఇది మస్తు గట్టిది, ఏండ్లకేండ్లు చూడాల్సిన పనే లేదు’ అంటాడు. యూట్యూబ్‌లో ఇంకొకరు సాఫ్ట్ కాంపౌండ్ (మెత్తని రబ్బరు మిశ్రమం) తప్ప ఏది కొన్నా దండగే అంటారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ మూడూ అన్ని బండ్లకూ అన్ని రోడ్లకూ పనికొచ్చేవి కావు.

క్లుప్తంగా: సైజు, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కంపెనీ ఇచ్చినవే ఉంచాలి, లోడ్ ఇండెక్స్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గించకూడదు. రబ్బరు రకం ఎంచుకునేటప్పుడు అరుగుదల లెక్క కన్నా తడి రోడ్డు మీద పట్టు ముందు రావాలి, ముఖ్యంగా ముందు చక్రానికి. మామూలు స్పోక్ రిమ్ముకు ట్యూబ్ తప్పదు. తయారైన తేదీ చూడకుండా బిల్లు కట్టకూడదు. గాలి సరిగ్గా లేకపోతే ఇవన్నీ చూసి కొన్న టైరు కూడా తన పని చేయలేదు.

రోడ్డును తాకేది ఎంత మేర

కారుకు నాలుగు చక్రాలు ఉంటాయి, ఒకటి కొంచెం జారినా మిగతా మూడు బండిని నిలబెడతాయి. బైకుకు ఆ అవకాశం లేదు. మామూలు 100, 125 సీసీ బండిలో ఒక్కో టైరు రోడ్డును తాకే మేర అరచేయంత కూడా ఉండదు. బండి బరువు, కూర్చున్నవాళ్ల బరువు, బ్రేకు నొక్కినప్పుడు ముందుకు తోసే బలం, మలుపులో పక్కకు లాగే బలం అన్నీ ఆ కాస్త రబ్బరు మీదే పడతాయి. వెనక టైరు జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందు టైరు జారితే హ్యాండిల్ చేతిలో ఉన్నా లేనట్టే, బండి కింద పడేదాకా ఆలోచించే టైం కూడా దొరకదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డంగా వచ్చిన మేకనో ఆటోనో చూసి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోయిందనుకుంటే, ఆ 17 మీటర్లకూ టైరుకూ సంబంధం లేదు. టైరు పని ఆ తర్వాత మొదలవుతుంది. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం (పట్టు ఎంత ఉందో చెప్పే అంకె) 0.7 ఉంటే బండి ఇంకో 20 మీటర్లలో ఆగుతుంది. అదే 0.4కు పడిపోతే 35 మీటర్లు కావాలి. ఈ రెండూ లెక్క కోసం తీసుకున్న అంకెలే, కానీ పొడి రోడ్డు మీద మంచి టైరుకూ తడి రోడ్డు మీద గుండు అయిన టైరుకూ మధ్య తేడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఆ 15 మీటర్లలో ఏముందన్నదాన్ని బట్టే అది ప్రమాదమా, ‘తప్పింది’ అని ఊపిరి పీల్చుకునే క్షణమా అన్నది తేలుతుంది. టైరు మీద ఖర్చు పెట్టే ప్రతి రూపాయి ఈ దూరాన్ని తగ్గించడానికే కావాలి, మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

టైరు పక్కన రాసి ఉన్నది చదవడం

పల్సర్ 150 వెనక చక్రానికి వచ్చే 100/90-17 సైజు తీసుకుందాం. మొదటి 100 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 90 అంటే ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, అంటే ఇక్కడ 90 మిల్లీమీటర్లు. చివరి 17 రిమ్ము కొలత, ఇంచుల్లో. పాత బండ్లకు 2.75-18, 3.00-18 అని రాసి ఉంటుంది, అక్కడ వెడల్పు కూడా ఇంచుల్లోనే.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆ తర్వాత 55పి లాంటి ఇంకో గుర్తు ఉంటుంది, నిజానికి మోసపోయేది అక్కడే. 55 అన్నది లోడ్ ఇండెక్స్, ఆ టైరు 218 కిలోల వరకు మోయగలదని అర్థం. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని. జె అయితే 100, ఎల్ అయితే 120, ఎస్ అయితే 180. వేగం అక్షరంతో మన రోడ్ల మీద మామూలు బండ్లకు పెద్ద ఇబ్బంది రాదు. బరువు అంకెతోనే వస్తుంది.

స్ప్లెండర్ ప్లస్‌కు ముందూ వెనకా సైజు ఒకటే, 80/100-18. అందుకని రెండూ ఒకే టైరు అనుకుంటారు. కాదు. ముందుదానికి లోడ్ ఇండెక్స్ 47, అంటే 175 కిలోలు. వెనకదానికి 54, అంటే 212 కిలోలు. ‘స్ప్లెండర్ టైరు ఇవ్వు’ అని అడిగితే షాపులో ఏది చేతికి దొరికితే అది వేసే ప్రమాదం ఉంది. ఊళ్లలో బండి మీద ఏమేం మోస్తారో తెలిసినవాళ్లకు ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. బండి బరువు 112 కిలోలు, నడిపే మనిషి 70, వెనక రెండు యూరియా బస్తాలు ఒక్కోటి 45 కిలోల లెక్కన 90. బస్తాల బరువు దాదాపు మొత్తం వెనక చక్రం మీదే పడుతుంది, మనిషి బరువులో ఎక్కువ భాగం, బండిలో సగం దాకా కలిపితే వెనక టైరు మీద 200 కిలోల దగ్గరకు చేరుతుంది. 212 కిలోల టైరుకే అది అంచు. ఆ చోట 175 కిలోల టైరు ఉంటే, అందులోనూ గాలి తక్కువుంటే, లోపలి నైలాన్ దారాలు వేడెక్కి తెగడం మొదలవుతుంది. పైకి ఒక బుడగలా ఉబ్బినట్టు కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. ఇంకో సంగతి, టైరు మీద రాసిన బరువు పూర్తి గాలి ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది.

వీటితో పాటు ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. టూ వీలర్, త్రీ వీలర్ టైర్లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15627, ఆ అంకె టైరు పక్కనే అచ్చు పోసి ఉంటుంది. అది లేని టైరు ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

ఒక సైజు పెద్దది వేయిస్తే

వెడల్పు టైరు వేస్తే గ్రిప్పు పెరుగుతుందన్న నమ్మకం బలంగా ఉంది. కాస్త లోతుగా చూస్తే చాలా సందర్భాల్లో జరిగేది దీనికి ఎదురు. ప్రతి టైరు సైజుకూ ఇంత వెడల్పు రిమ్ము కావాలని ఒక పరిమితి ఉంటుంది. 100 మిల్లీమీటర్ల టైరు కోసం చేసిన రిమ్ము మీద 120 టైరు బిగిస్తే, రెండు పక్కలూ లోపలికి లాగబడి పైభాగం ఎక్కువగా వంగిపోతుంది. అంటే తిన్నగా వెళ్లేటప్పుడు రోడ్డును తాకే మేర అనుకున్నంత పెరగదు, కంపెనీ గీసిన ఆకారం మాత్రం చెడిపోతుంది. మలుపులో బండి ఒక్కసారిగా పడినట్టు వంగడమో, వంగడానికి మొరాయించడమో ఇందువల్లే.

వానలో ఇంకో నష్టం ఉంది. అదే బరువును వెడల్పు టైరు ఎక్కువ మేర మీద పరుస్తుంది కాబట్టి నీటిని పక్కకు నెట్టే ఒత్తిడి తగ్గుతుంది. సన్నని టైరు నీటిని కోసుకుంటూ కిందికి దిగే చోట వెడల్పుది ఆలస్యం చేస్తుంది. బరువు పెరగడం వల్ల పికప్, పెట్రోలు మైలేజీ కూడా కొంత తగ్గుతాయి.

కొలతలు చూస్తే విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. 100/90-17 టైరు మొత్తం వ్యాసం దాదాపు 612 మిల్లీమీటర్లు. 120/80-17 అయితే 624, అంటే 2 శాతం పెద్దది. ఈ మాత్రం తేడాకే గేర్ల లాగుడు కొంచెం మందగిస్తుంది, చైన్ వైపు, మడ్‌గార్డు దగ్గర ఖాళీ తగ్గుతుంది, నిలబడి ఉన్నప్పుడు తగలని టైరు ఇద్దరు కూర్చుని గుంతలో పడ్డప్పుడు తగులుతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో రెండు చక్రాల వేగాన్ని పోల్చి చూసే పద్ధతి ఉంటే, కంపెనీ అనుకున్న కొలతలు మారిపోవడం ఆ వ్యవస్థకూ మంచిది కాదు.

వెడల్పు పెంచి ఎత్తు శాతం తగ్గిస్తే పరిస్థితి వేరు. 110/80-17 వ్యాసం 608 మిల్లీమీటర్లు, పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. రిమ్ము వెడల్పు ఒప్పుకుని, పక్కన ఖాళీ ఉండి, లోడ్ ఇండెక్స్ తగ్గకపోతే ఒక మెట్టు వరకు నష్టం లేదు. అంతకు మించి పోవడం లుక్కు కోసమే. ముందు చక్రానికి ఆ ఒక మెట్టు కూడా అనవసరం.

గట్టి రబ్బరు, మెత్తని రబ్బరు

టైరు అంటే రబ్బరు ఒక్కటే కాదు. దాన్లో కార్బన్ బ్లాక్ కలుపుతారు, నలుపు రంగు, బలం దానివల్లే వస్తాయి. కొన్ని టైర్లలో సిలికా కూడా కలుపుతారు. సిలికా ఉన్న రబ్బరు తడిలో బాగా పట్టుకుంటుంది, అయినా దొర్లడానికి ఎక్కువ బలం తీసుకోదు. ఈ పాళ్లను బట్టి రబ్బరు గట్టిగానో మెత్తగానో వస్తుంది. గట్టిది నిదానంగా అరుగుతుంది, పెట్రోలు కొంచెం ఆదా చేస్తుంది, కానీ రోడ్డు మీది సన్నని ఎత్తుపల్లాల్లోకి ఒదగదు కాబట్టి తడిలో పట్టు తక్కువ. మెత్తనిది బాగా ఒదుగుతుంది, తొందరగా అరుగుతుంది. రెండు గుణాలూ పూర్తిగా ఒకే టైరులో దొరకవు. ‘మస్తు గట్టిది, బ్రేకు కూడా సూపర్’ అని ఎవరైనా అంటే ఆ రెండో ముక్క దగ్గర అనుమానించాలి. ఖరీదైన టైర్లలో మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు పెట్టి కొంతవరకు సర్దుతారు, 100 సీసీ సైజుల్లో అది అరుదు.

కంపెనీలు కూడా ఈ లెక్క ప్రకారమే రకాలు చేస్తాయి. ఎంఆర్ఎఫ్‌లో నైలోగ్రిప్ ప్లస్ రోజువారీ వాడకానికి, ఎక్కువ కాలం మన్నడానికి. జాపర్, రెవ్జ్ రకాలు గ్రిప్పు వైపు మొగ్గుతాయి. సియట్‌లో మిలేజ్ అన్న పేరే అరుగుదల మీద గురిపెట్టింది, గ్రిప్ అన్న రకం రెండో వైపుది. టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, మిషెలిన్, జేకే అన్నింట్లోనూ ఇలా రెండు దారులున్నాయి. కాబట్టి ‘ఏ కంపెనీ మంచిది’ అన్న ప్రశ్నకు జవాబు పెద్దగా ఉపయోగపడదు, ‘ఈ కంపెనీలో ఈ రకం దేనికోసం చేశారు’ అన్నదే అడగాల్సిన ప్రశ్న.

డబ్బు లెక్క కూడా వేయొచ్చు. గట్టి టైరు 1,700 పెడితే 30 వేల కిలోమీటర్లు, మెత్తనిది 2,100 పెడితే 20 వేలు వచ్చిందనుకుందాం. మొదటిది కిలోమీటరుకు దాదాపు 6 పైసలు, రెండోది పదిన్నర పైసలు. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు తేడా 500 రూపాయలకు లోపే, నెలకు 40 రూపాయల చొప్పున. ఇది ఒక టైరుకు. పాలు పోసేవాళ్లు, డెలివరీ చేసేవాళ్లు రోజుకు వంద కిలోమీటర్ల పైన తిరుగుతారు, వాళ్లకు ఈ లెక్క మూడు నాలుగు రెట్లు అవుతుంది, అప్పుడు గట్టి టైరు అడగడంలో న్యాయం ఉంది.

దీనికి ఒక మధ్యే మార్గం ఉంది. బరువు, ఇంజిన్ లాగుడు వెనక టైరు మీద ఉంటాయి, అది తొందరగా అరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆగడంలో ఎక్కువ పని ముందు టైరుది, అయినా అది నిదానంగా అరుగుతుంది. అందుకని వెనక మన్నిక ఉన్న రకం వేసి, ముందు మాత్రం గ్రిప్పు బాగున్నది వేస్తే అదనపు ఖర్చు ఎన్నో ఏళ్ల మీద పరుచుకుంటుంది. వెనక టైరు రెండుసార్లు మారేలోగా ముందుది ఒకసారి మారుతుంది. మామూలుగా జనం దీనికి పూర్తిగా ఎదురు చేస్తారు, వెనకదానికి డబ్బు పెట్టి ముందుదాన్ని గుండు అయ్యేదాకా లాగిస్తారు. ఇది మారితే చాలా మేలు.

ఇక్కడి ఎండ, ఇక్కడి వాన, ఇక్కడి రోడ్డు

రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. గాలి అంత వేడిగా ఉన్నప్పుడు తారు రోడ్డు ఇంకా వేడెక్కుతుంది. అసలే మెత్తగా ఉన్న స్పోర్ట్స్ రబ్బరు ఆ వేడిలో ఇంకా తొందరగా అరుగుతుంది, చల్లని దేశాల రివ్యూలు చూసి కొన్న టైరు ఇక్కడ అన్ని కిలోమీటర్లు ఇవ్వకపోవడానికి ఇదొక కారణం. ఎండకు రబ్బరు ఎండిపోయి పక్కల్లో సన్నని పగుళ్లు కూడా వస్తాయి, బండి ఎక్కువ తిరగకపోయినా సరే.

ఆ తర్వాత జూన్‌లో మొదటి వాన. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, ఆయిల్ చుక్కలు, అరిగిన రబ్బరు పొడి అన్నీ నీళ్లతో కలిసి రోడ్డు మీద సన్నని జిడ్డు పొరగా మారతాయి. గట్టి వాన కురిస్తే అది కొట్టుకుపోతుంది, తుంపర పడ్డ మొదటి అరగంటే అన్నింటికన్నా ప్రమాదం. భూపాలపల్లి, గోదావరిఖని దారుల్లో బొగ్గు లారీల నుంచి రాలిన పొడి, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ లారీల దుమ్ము కూడా ఇందులో చేరతాయి. జాతీయ రహదారుల విస్తరణ పనులు సాగే చోట పక్కదారుల్లో కంకర, తడి మట్టి ఉంటాయి. ఈ జిడ్డు పొర మీద లోతైన డిజైన్ కన్నా మెత్తని రబ్బరు ఎక్కువ పనికొస్తుంది, నిలిచిన నీళ్లలో గాళ్లు (టైరు మీది గాడులు) లోతుగా ఉండడం పనికొస్తుంది. కొత్త టైరులో రెండూ ఉంటాయి, అరిగిన టైరులో రెండూ ఉండవు.

వానాకాలం నాట్ల సమయంలో పొలం నుంచి కేజ్ వీల్స్‌తో (దమ్ము చేసే ఇనప చక్రాలతో) రోడ్డెక్కిన ట్రాక్టర్లు వదిలే బురద, కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఈ రెంటినీ ఏ టైరూ గెలవలేదు. గింజలు రబ్బరుకూ రోడ్డుకూ మధ్య దొర్లుతుంటే కాంపౌండ్‌తో పని లేదు. అక్కడ స్పీడు తగ్గించడం ఒక్కటే దారి.

ఈ మధ్య పెద్ద పెద్ద బటన్లున్న టైర్లు, ఆఫ్ రోడ్ లుక్కువి, మామూలు బండ్లకు కూడా వేయిస్తున్నారు. ఏటూరునాగారం ఏజెన్సీ ఊళ్లలోనో, రోజూ పొలం బాటలోనో తిరిగేవాళ్లకు వాటి అవసరం ఉంది. కానీ తారు రోడ్డు మీద ఆ బటన్లు బ్రేకు వేసినప్పుడు అటూ ఇటూ వంగుతాయి, బటన్ల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి రోడ్డును తాకే రబ్బరు తగ్గుతుంది, చప్పుడు చేస్తాయి. వరంగల్ నుంచి లక్నవరానికో రామప్పకో నెలకొకసారి వెళ్లడానికి అవి అక్కర్లేదు, ఆ దారి తారు రోడ్డే. ముందు చక్రానికి నిలువు గాళ్లు ఉన్న టైరు, వెనక మామూలు బటన్ టైరు అన్న పాత పద్ధతి ఇప్పటికీ చిన్న బండ్లకు సరిపోతుంది. నిలువు గాళ్లు నీటిని వదిలించి హ్యాండిల్‌ను తిన్నగా ఉంచుతాయి, వెనక బటన్లు లాగుడుకు పట్టునిస్తాయి.

ట్యూబ్, ట్యూబ్‌లెస్, రేడియల్

సర్కారు తుమ్మ ముండ్లు ఉన్న ఊళ్లో ట్యూబ్‌లెస్ విలువ వేరే చెప్పక్కర్లేదు. ట్యూబులో ముల్లు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, 60 మీద ఉన్న బండి ఊగిపోతుంది. ట్యూబ్‌లెస్‌లో ముల్లు రబ్బరులోనే పట్టుకుని ఉంటుంది, గాలి నిదానంగా దిగుతుంది, పంక్చర్ షాపు దాకా చేరొచ్చు. అయితే ఇది టైరు ఒక్కదానితో అయ్యే పని కాదు. మామూలు స్పోక్ రిమ్ములో ప్రతి స్పోకు దగ్గరా రంధ్రం ఉంటుంది, గాలి అక్కడి నుంచి పోతుంది కాబట్టి ట్యూబ్ ఉండాల్సిందే. ట్యూబ్‌లెస్ టైరు కొని లోపల ట్యూబ్ వేసినా బండి నడుస్తుంది, కానీ పంక్చరైతే ట్యూబ్ బండి లాగే ప్రవర్తిస్తుంది, అదనపు డబ్బుకు ఫలితం ఉండదు. స్పోకులు లేని అలాయ్ రిమ్ము ఉంది కదా అని కూడా అనుకోకూడదు, పాత బండ్లలో కొన్నింటికి అలాయ్ ఉన్నా అవి ట్యూబ్ కోసం చేసినవే. రిమ్ము మీద ట్యూబ్‌లెస్ అని ఉందో లేదో చూసుకోవాలి.

ట్యూబ్ టైరు మార్చేటప్పుడు ట్యూబ్ కూడా కొత్తది వేయించడం మంచిది. పాతది సాగిపోయి ఉంటుంది, కొత్త టైరులో మడత పడితే ఆ మడత దగ్గరే తెగుతుంది. ట్యూబ్‌లెస్‌కు పంక్చర్ వేయడం నడి భాగంలో మాత్రమే, పక్కల్లో తెగితే ఆ టైరు పని అయిపోయింది.

రేడియల్ గురించి తక్కువ మాటల్లో చెప్పొచ్చు. మామూలు టైరులో లోపలి దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా పరుస్తారు, దీన్ని బయాస్ అంటారు. రేడియల్‌లో అవి అడ్డంగా వెళ్తాయి, పైన ఇంకో పట్టీ ఉంటుంది. ఎక్కువ వేగంలో వేడి తక్కువ, స్థిరత్వం ఎక్కువ. యమహా ఎఫ్‌జెడ్ వెనక 140/60 రేడియల్‌తో, ముందు బయాస్‌తో వస్తుంది, అలా కంపెనీయే కలిపిస్తే పరవాలేదు. సొంతంగా ముందు రేడియల్, వెనక బయాస్ లాంటి కలయికలు చేస్తే రెండు చక్రాలూ మలుపులో రెండు రకాలుగా స్పందిస్తాయి.

పాతబడిన టైరు, పాత స్టాకు టైరు

టైరు పక్కన చిన్న చతురస్రంలోనో, గుండ్రని అంచు గీతలోనో నాలుగు అంకెలు ఉంటాయి. 2225 అంటే 2025లో 22వ వారం, మే చివర్లో తయారైందని. ఆర్నెల్ల లోపు స్టాకు అయితే మంచిది, ఏడాది వరకు ఫరవాలేదు, రెండేళ్లు దాటింది అంటే తగ్గింపు ఇచ్చినా ఆలోచించాలి. ఎంఆర్ఎఫ్‌కు సంగారెడ్డి జిల్లా సదాశివపేటలోనే ఫ్యాక్టరీ ఉంది, అలాగని ఇక్కడి షాపుల్లో ప్రతి టైరూ తాజాదని కాదు, ఎండ తగిలే గోడకు ఎన్నాళ్లు వేలాడిందన్నదే ముఖ్యం.

వాడుతున్న టైరు సంగతికొస్తే, ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి జాగ్రత్తగా చూపించాలని, పదేళ్లకు ఎంత బాగా కనిపించినా తీసేయాలని మిషెలిన్ లాంటి కంపెనీలు చెబుతాయి. అది గరిష్ఠ పరిమితి, మన ఎండకు అంతకు ముందే పగుళ్లు కనిపిస్తే ముందే తీసేయాలి. అరుగుదల తెలియడానికి టీడబ్ల్యూఐ గుర్తు ఉంటుంది. పక్కన త్రికోణం కనిపించే చోట గాళ్ల లోపల చిన్న కట్ట ఉంటుంది, పై రబ్బరు దానితో సమానమైతే టైరు అయిపోయినట్టే. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 94వ నిబంధన టూ వీలర్ గాళ్ల కనీస లోతును 0.8 మిల్లీమీటర్లుగా పెట్టింది. చట్టానికి అది చాలు, వానకు చాలదు. ఆ గుర్తు దగ్గర పడుతుంటే జూన్‌కు ముందే మార్చేయాలి.

నడి భాగం చదునుగా అరగడం కూడా గమనించాలి. నేషనల్ హైవే మీద తిన్నగా తిరిగే బండ్లకు ఇది మామూలు. గాళ్లు ఇంకా కనిపిస్తున్నా మలుపు తిరిగేటప్పుడు చదును నుంచి గుండ్రం వైపు ఎక్కేచోట బండి కుదుపిస్తుంది.

గుండు టైరుకు కత్తితో గాళ్లు కోయించడం, రీబటన్ టైరు వేయించడం లారీలకు చూసి బైకులకు చేయిస్తారు. లారీ టైరులో పొరలు మందం, అలాంటి పని కోసం చేసిన రకాలు ఉంటాయి. బైకు టైరులో గాడి కింద మిగిలే రబ్బరు చాలా పల్చన, కోస్తే కత్తి నేరుగా దారాలకు తగులుతుంది. ఈ పని చేయించకూడదు, అంతే.

బిగించేటప్పుడు

టైరు పక్కన తిరిగే దిక్కు చూపే బాణం ఉంటుంది, ఎదురుగా బిగిస్తే గాళ్లు నీటిని బయటకు కాకుండా లోపలికి నెడతాయి. పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలిక వైపు, వాల్వు పక్కకు రావాలి. అంచు ఎక్కించడానికి సబ్బు నీళ్లు వాడాలి, గ్రీజు కాదు. ట్యూబ్‌లెస్‌కు వాల్వు కూడా కొత్తది పెట్టించాలి. వెనక చక్రం బిగించాక చైన్ లూజు, రెండు వైపుల గుర్తులు సమానంగా ఉన్నాయా, బ్రేకు సరిగ్గా పడుతుందా చూసుకున్నాకే కదలాలి. బిల్లు మీద టైరు నంబరు రాయించుకోవాలి. వారంటీ తయారీ లోపాలకే వర్తిస్తుంది, మేకు దిగడానికో రాయి తగిలి తెగడానికో వర్తించదు, కానీ బుడగ వచ్చినప్పుడు ఆ నంబరు లేకపోతే మాట్లాడటానికి కూడా ఉండదు.

గాలి అందరికీ ఒకే లెక్క కాదు. పల్సర్ 150కి ముందు 25, వెనక ఒక్కరైతే 28, ఇద్దరైతే 32 పీఎస్ఐ. స్ప్లెండర్‌కు ఒక్కరైతే వెనక 28, ఇద్దరైతే 40 దగ్గర. ‘ముందు ముప్ఫై వెనక నలభై’ అని అన్ని బండ్లకూ కొట్టేసే అలవాటు వల్ల ముందు టైరు రోడ్డును తాకే మేర ఇంకా తగ్గిపోతుంది. ఎండలో తిరిగి వచ్చిన టైరులో గాలి ఒత్తిడి కొంత పెరిగి ఉంటుంది, మధ్యాహ్నం చూసి ఎక్కువైందని తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువ చూపిస్తుంది.

కొత్త టైరు మీద తయారీ అప్పటి నునుపు పొర ఉంటుంది, షాపులో పూసిన పాలిష్ ఉంటే అది అదనం. మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు గట్టి బ్రేకులు, మలుపుల్లో బాగా వంచడం మానుకోవాలి, వాన పడుతుంటే ఇంకా జాగ్రత్త. రెండు మూడు రోజుల తర్వాత పొద్దున్నే, బండి కదలకముందే, గాలి మళ్లీ చూడాలి. అంచు దగ్గర సన్నని లీకు ఉంటే అప్పుడే బయటపడుతుంది, బిగించి రెండు రోజులే అయింది కాబట్టి షాపులో అడిగి సరి చేయించుకోవడమూ సులువు.